మొరాయించే పార్కింగ్‌ సెన్సర్లు.. బంపర్‌ విప్పి ఇంటివద్దే సరిచేసుకునే తీరు

విజయవాడ: కారును వెనక్కి తీయబోతే దారిలో ఏ అడ్డూ లేకున్నా ఎడతెగని మోత. మరికొన్నాళ్లకు వెనక చక్రం గోడను తాకబోతున్నా ఉలుకూ పలుకూ ఉండదు. వానాకాలం గడిచేసరికి కార్ల యజమానులు చాలామందికి ఈ అనుభవం ఎదురవుతుంటుంది. మరమ్మతుకు వెళ్తే బంపర్‌ విప్పాలని, సెన్సర్లన్నీ మార్చాలని చెబుతారేమోనన్న జంకుతో కొందరు ఆ తీగను పీకించి ఊరుకుంటారు. మరికొందరు ఆ మోతను పట్టించుకోవడమే మానేస్తారు. రెండూ ప్రమాదకరమే. వెనక్కి కదిలే కారుకు అతి చేరువలో, అద్దాలకు చిక్కని చోట ఉండేది ఎక్కువగా ఇంటి పిల్లలే. ఈ లోపాల్లో చాలావాటికి కారణం చిన్నది. బురద, వదులైన కనెక్టర్‌, తుప్పు పట్టిన తీగ, మందంగా పడిన రంగు.. ఇలాంటివే. కాస్త ఓపిక, రెండు మూడు సాధారణ పనిముట్లు ఉంటే వీటిని ఇంటి ముంగిటే సరిచేసుకోవచ్చు. అయితే ఎక్కడ చేయి పెట్టాలో, ఎక్కడ పెట్టరాదో ముందుగా తెలుసుకోవాలి.

నిబంధనగా మారిన సౌకర్యం

ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ ఏర్పాటు మన దేశంలో ఇప్పుడు తప్పనిసరి. 2019 జులై 1 నుంచి తయారయ్యే ప్రయాణికుల కార్లన్నింటికీ వెనకవైపు పార్కింగ్‌ సెన్సర్లు ఉండాలని కేంద్రం నిబంధన విధించింది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్‌, సీటు బెల్టును గుర్తుచేసే మోత, వేగం మించితే హెచ్చరించే ఏర్పాటు కూడా అదే తేదీ నుంచి తప్పనిసరయ్యాయి. అంతకుముందు కొన్న కార్లకు బయటి దుకాణాల్లో సెన్సర్లు అమర్చుకున్నవారూ వేలల్లో ఉన్నారు. కంపెనీ నుంచి వచ్చినవైనా, బయట బిగించినవైనా పనిచేసే సూత్రం ఒక్కటే. మరమ్మతులో మాత్రం కొన్ని తేడాలుంటాయి.

శబ్దమే కొలబద్ద

గబ్బిలం చీకట్లో దారి వెతుక్కునే విధానమే పార్కింగ్‌ సెన్సర్‌కూ ఆధారం. బంపర్‌పై రూపాయి బిళ్లంత కనిపించే గుండ్రని భాగం వెనక పలుచని అల్యూమినియం పొర, దానికి అంటుకుని పీజో పలక ఉంటాయి. విద్యుత్తు అందినప్పుడు ఈ పలక సంకోచ వ్యాకోచాలు చెందుతుంది. దాంతో పొర సెకనుకు 40 వేలు, అంతకు మించిన సార్లు కంపిస్తుంది. మనిషి చెవికి 20 వేలకు పైబడిన కంపనాలు వినిపించవు కాబట్టి ఆ ధ్వని మనకు తెలియదు. గోడకో, మరో కారుకో తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ అదే పొర అందుకుంటుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని కంట్రోల్‌ యూనిట్‌ లెక్కగడుతుంది.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మీటరు దూరంలో గోడ ఉంటే ధ్వని వెళ్లి రావడానికి రెండు మీటర్లు నడవాలి. అందుకు పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు చొప్పున లెక్కిస్తే ఆరు వంతులకు కాస్త తక్కువ. గోడ 30 సెంటీమీటర్లకు చేరితే అది రెండు వంతులైనా ఉండదు. ఇంత సూక్ష్మమైన లెక్క కాబట్టే చిన్న బురద చుక్క కూడా దాన్ని తలకిందులు చేయగలదు.

ఇక్కడ గమనించాల్సిన అంశం మరొకటుంది. పలికేదీ వినేదీ ఒకే పొర. పలకడం పూర్తయ్యాక దాని కంపనం పూర్తిగా సద్దుమణిగితేనే ప్రతిధ్వనిని వినగలదు. మోగించిన గంటను చేత్తో పట్టుకుంటే గాని నాదం ఆగనట్లే, పొర చుట్టూ ఉన్న మెత్తని రబ్బరు రింగు కంపనం బంపర్‌లోకి పాకకుండా అడ్డుకుంటుంది. ఆ రింగు జారినా, సెన్సర్‌ బంపర్‌కు గట్టిగా ఒత్తుకున్నా, పొరపై బురద పేరుకున్నా కంపనం చాలాసేపు నిలుస్తుంది. దాన్ని యూనిట్‌ అతి దగ్గరి ప్రతిధ్వనిగా పొరబడుతుంది. ఖాళీ స్థలంలోనూ ఆగకుండా మోత వినిపించడానికి ప్రధాన కారణం ఇదే.

లోపాలు ఎక్కడెక్కడ?

పార్కింగ్‌ సెన్సర్లు మొరాయించడానికి తరచూ కనిపించే కారణాలివి.

* పొరపై బురద, ఎండిన మట్టి, నీటి బిందువులు. వానలో కొద్దిసేపు తప్పుడు మోత రావడం లోపం కాదు. తుడిస్తే సర్దుకుంటుంది.
* బంపర్‌ వెనక కనెక్టర్‌లోకి నీరు చేరి పిన్నులకు పచ్చని తుప్పు పట్టడం. నీళ్లు నిలిచిన రోడ్లపై తిరిగిన కార్లకు, అతి దగ్గర నుంచి ఒత్తిడి నీటితో కడిగిన కార్లకు ఈ ముప్పు ఎక్కువ.
* ఎలుకలు తీగలు కొరకడం. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, గడ్డివాముల సమీపంలో రోజుల తరబడి కదలకుండా ఉంచిన కార్లలో ఇది మామూలే.
* వెనక నుంచి మరో వాహనం తగిలినప్పుడు సెన్సర్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్‌ గూడు విరిగి సెన్సర్‌ లోనికి జారడం, లేదా నేలచూపు చూడటం. నేల నుంచి వచ్చే ప్రతిధ్వనినే అడ్డంకిగా భావించి మోగుతుంది.
* గీతలు పడిన బంపర్‌కు రంగు వేయించినప్పుడు సెన్సర్లపైనా మందంగా రంగు పడటం. పొర బరువెక్కి ధ్వని మందగిస్తుంది.
* బంపర్‌కు అదనంగా ఇనుప గార్డులు బిగించడం. సెన్సర్‌ ఎదుటే కడ్డీ నిలుస్తుంది. ఇలాంటి క్రాష్‌ గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు సూచించింది.
* ఫ్యూజు పోవడం, రివర్స్‌ లైటు తీగ తెగడం. బయట బిగించిన సెన్సర్లలో చాలావాటికి రివర్స్‌ లైటు తీగ నుంచే విద్యుత్తు అందుతుంది. ఆ లైటే వెలగకపోతే సెన్సర్లను అనుమానించాల్సిన పనిలేదు.

విప్పకముందే పరీక్ష

బంపర్‌పై చేయి వేయకముందే లోపం ఏ సెన్సర్‌దో తేల్చుకోవాలి. సమతలంగా ఉన్న చోట కారును నిలిపి, హ్యాండ్‌బ్రేక్‌ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లో, చెక్క దిమ్మెలో అడ్డుపెట్టాలి. ఇంజిన్‌ ఆపి ఉంచి, తాళంచెవిని ఇగ్నిషన్‌ వరకే తిప్పి రివర్స్‌ గేరు వేయాలి. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో బ్రేక్‌ పెడల్‌ తొక్కకుండా బటన్‌ నొక్కితే ఇంజిన్‌ కదలకుండా ఇగ్నిషన్‌ మాత్రమే వస్తుంది. ఆటోమేటిక్‌ గేర్ల కారులో ఆ తరువాతే బ్రేక్‌ తొక్కి రివర్స్‌కు మార్చాలి. ఈ పరీక్షకు ఇద్దరు ఉండాలి. పిల్లలను దరిదాపులకు రానీయరాదు.

అనంతరం కారు వెనకకు వెళ్లి ఒక్కో సెన్సర్‌కు చెవి దగ్గరగా పెట్టి వినాలి. పనిచేస్తున్న సెన్సర్‌ నుంచి గడియారంలా సన్నని టిక్‌ టిక్‌ ధ్వని వస్తుంది. అసలు ధ్వని చెవికి అందనిదే అయినా, అది విడతలు విడతలుగా వెలువడుతుంది కాబట్టి ఆ విడతలు మనకు టిక్కులుగా తెలుస్తాయి. చుట్టూ సందడి ఉంటే వేలికొనతో తాకి చూడవచ్చు. సన్నని అదురు తగులుతుంది. మిగతావి టిక్కుమంటూ ఒకటి మాత్రం మౌనంగా ఉంటే లోపం అక్కడే. అన్నీ మౌనంగా ఉంటే ఫ్యూజు, విద్యుత్తు సరఫరా, ప్రధాన కనెక్టర్‌, కంట్రోల్‌ యూనిట్‌లను వరుసగా చూడాలి. కొన్ని కార్లలో ఒక్క సెన్సర్‌ చెడినా రక్షణ కోసం వ్యవస్థ మొత్తం ఆగిపోతుంది. రివర్స్‌ గేరు వేయగానే కొన్ని క్షణాల పాటు వినిపించే దీర్ఘమైన మోత దానికి సంకేతం. ఏ మోతకు ఏ అర్థమో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఈ దశలోనే మెత్తని గుడ్డను నీటిలో తడిపి సెన్సర్లన్నింటినీ తుడిచి మరోసారి పరీక్షించాలి. పని ఇక్కడితోనే ముగిసే సందర్భాలు తక్కువేమీ కాదు. గోకడానికి బ్లేడు, ఉప్పు కాగితం, పెట్రోలు, థిన్నర్‌ వంటివి వాడరాదు.

సిద్ధం చేసుకోవాల్సినవి

బంపర్‌ విప్పాల్సిందేనని తేలితే ముందుగా ఇవి దగ్గరుంచుకోవాలి: స్టార్‌ స్క్రూడ్రైవర్‌, 8, 10 మిల్లీమీటర్ల సాకెట్‌ పానాలు, క్లిప్పులు ఊడదీసే ప్లాస్టిక్‌ పట్టీలు, పెయింటర్లు వాడే కాగితపు టేపు, మల్టీమీటర్‌, కనెక్టర్లను శుభ్రపరిచే స్ప్రే, పాత దుప్పటి, స్క్రూలు వేయడానికి నాలుగైదు చిన్న గిన్నెలు. కొన్ని కార్లకు నక్షత్రం ఆకారపు టార్క్స్‌ బిట్లు అవసరమవుతాయి. ఊడదీసేటప్పుడు ఒకటీ అరా క్లిప్పులు విరగడం సహజం. ఆటోనగర్‌ వంటి చోట్ల కారు మోడల్‌ చెబితే సరిపడే క్లిప్పులు దొరుకుతాయి. నాలుగైదు అదనంగా తెచ్చుకుంటే పని మధ్యలో ఆగదు.

పరీక్ష ముగిశాక ఇగ్నిషన్‌ ఆపి, బ్యాటరీ నెగెటివ్‌ తీగను తప్పించి కొన్ని నిమిషాలు ఆగాలి. మ్యూజిక్‌ సిస్టమ్‌కు కోడ్‌ ఉన్న కారైతే అది ముందే తెలిసి ఉండాలి. బంపర్‌ కిందికి చేయి చాపడానికి కారును ఎత్తాల్సి వస్తే కేవలం జాకీని నమ్మి కిందికి దూరరాదు. జాకీ జారితే ప్రాణాలకే ముప్పు. స్టాండ్లు లేనివారు ఆ పనికి పూనుకోకపోవడమే మేలు.

మొత్తం విప్పాల్సిన పని లేకపోవచ్చు

అన్ని కార్లకూ బంపర్‌ పూర్తిగా ఊడదీయనక్కర్లేదు. కొన్ని మోడళ్లలో సెన్సర్లు బంపర్‌పై అమర్చిన నల్లటి ప్లాస్టిక్‌ పట్టీలోనే ఉంటాయి. ఆ పట్టీ పక్కనున్న రంగుభాగంపై కాగితపు టేపు అంటించి, ఒక చివర ప్లాస్టిక్‌ పట్టీని దూర్చి, క్లిప్పు తరువాత క్లిప్పును వదులు చేస్తూ రావాలి. మధ్యలో పట్టుకుని ఒక్కసారిగా లాగితే పట్టీ వంగి తెల్లని చార పడుతుంది. చలికాలం ఉదయం ప్లాస్టిక్‌ పెళుసుగా ఉంటుంది. కాసేపు ఎండలో ఉంచినా, గోరువెచ్చని నీటితో తడిపినా మెత్తబడుతుంది.

మరికొన్ని కార్లలో బంపర్‌ అడుగున ఉన్న క్లిప్పులు తీస్తే చాలు, చేయి లోపలికి పెట్టి సెన్సర్‌ను అందుకోవచ్చు. బయట బిగించిన సెన్సర్లు ఎక్కువగా వెలుపలి నుంచే రంధ్రంలోకి నొక్కి అమర్చినవై ఉంటాయి. వెనక నుంచి రెండు వేళ్లతో ఇరుపక్కల రెక్కలను నొక్కి ముందుకు తోస్తే బయటికి వస్తాయి.

బంపర్‌ తీసే వరుస

పూర్తిగా విప్పక తప్పనప్పుడు వరుస తప్పకూడదు. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోవాల్సిన అవసరం ఉండదు.

1. డిక్కీ తెరిచి పైఅంచున ఉన్న స్క్రూలు, బోల్టులు తీయాలి. కొన్ని కార్లలో ఇవి వెనక లైట్ల చాటున ఉంటాయి. అప్పుడు లైట్లను ముందుగా తప్పించాలి.
2. వెనక చక్రాల గూళ్ల అంచున బంపర్‌ను పట్టి ఉంచే స్క్రూలను రెండువైపులా తీయాలి. ఏ వైపువి ఆ గిన్నెలోనే వేయాలి.
3. అడుగున ఉన్న ప్లాస్టిక్‌ క్లిప్పులను తీయాలి. వీటి నడుమ చిన్న మేకు ఉంటుంది. ముందు దాన్ని పైకి లేపితేనే క్లిప్పు వదులవుతుంది. కొన్నింటికి మేకును లోపలికి నొక్కాలి. ఏది పడితే అది లాగితే తల విరుగుతుంది.
4. బంపర్‌ మూలల చుట్టూ కారు బాడీపై కాగితపు టేపు అంటించాలి. జారేటప్పుడు పడే గీతలను ఇది అడ్డుకుంటుంది.
5. చక్రం వైపు అంచును పట్టుకుని పక్కకు, అంటే కారు నుంచి బయటి దిశగా లాగాలి. పట్టులు టపటపమని వదులుతాయి. ఒకవైపు అయ్యాక రెండోవైపు చేయాలి. ఎక్కడైనా గట్టిగా బిగిసి ఉంటే బలం చూపరాదు. ఇంకో స్క్రూ మిగిలిందని అర్థం.
6. ఇద్దరు చెరోవైపు పట్టుకుని బంపర్‌ను జానెడు మేర మాత్రమే వెనక్కి తేవాలి. లోపల సెన్సర్ల తీగలు, నంబరు ప్లేటు లైటు, ఫాగ్‌ లైట్ల తీగలు ఉంటాయి. కనెక్టర్‌ తాళాన్ని నొక్కి విడదీశాకే బంపర్‌ను కింద పరిచిన దుప్పటిపై ఉంచాలి. తీగను పట్టుకుని లాగరాదు.

సెన్సర్‌ను సరిచేయడం

మొదట కంటితో చూడాలి. కనెక్టర్‌ పిన్నులు పచ్చబడ్డాయా, తీగపై పంటి గాట్లు ఉన్నాయా, గూడు విరిగిందా, రబ్బరు రింగు తన చోటనే ఉందా అన్నవి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. పిన్నులపై శుభ్రపరిచే స్ప్రే చల్లి మెత్తని బ్రష్షుతో రుద్ది పూర్తిగా ఆరనివ్వాలి. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే మరుసటి వానకే మళ్లీ మొదటికొస్తుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టాన్ని తొడగడమే సరైన పద్ధతి.

తీగలన్నీ బాగుంటే మార్పిడి పరీక్ష చేయాలి. మౌనంగా ఉన్న సెన్సర్‌ను, పక్కనున్న మంచి సెన్సర్‌ను ఒకదాని చోట మరొకటి పెట్టి చూడాలి. లోపం సెన్సర్‌తోపాటు కొత్త చోటికి మారితే సెన్సర్‌దే తప్పు. పాత చోటనే ఉండిపోతే తప్పు తీగలో గాని, కంట్రోల్‌ యూనిట్‌లో గాని ఉంది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే నాలుగు సెన్సర్లూ మార్చేయడం వృథా. మూలల్లో వాడే సెన్సర్‌, మధ్యలో వాడే సెన్సర్‌ వేర్వేరుగా ఉండే కార్లలో మాత్రం సరిజోడులనే మార్చి చూడాలి. ఈ పరీక్షకు బ్యాటరీ తీగను మళ్లీ కలపాల్సి ఉంటుంది. అప్పుడు కూడా ముందు చెప్పిన జాగ్రత్తలే వర్తిస్తాయి.

కొత్త సెన్సర్‌ కొనేటప్పుడు పాతదాని వెనక ముద్రించిన భాగం సంఖ్యను చూపి సరిపోల్చుకోవాలి. బయట అమర్చిన సెట్టయితే రంధ్రం కొలత, తీగ చివర కనెక్టర్‌ కలవాలి. ఒక కంపెనీ సెన్సర్‌ మరో కంపెనీ యూనిట్‌తో పొసగకపోవచ్చు. రంగు కలపాల్సి వస్తే బిగించకముందే పలుచగా ఒక పూత వేయించాలి. రబ్బరు రింగుపై రంగు పడనీయరాదు.

అమర్చేటప్పుడు సెన్సర్‌పై ‘పైకి’ అని సూచించే బాణం గుర్తు ఉంటే అది నిజంగానే పైకి ఉండాలి. తలకిందులైతే నేలను చూసి మోగుతుంది. వదులుగా ఉందని బంపర్‌కు జిగురుతో అతికించడం తరచూ జరిగే పొరపాటు. కంపనం బంపర్‌కు పాకి తప్పుడు మోత మొదలవుతుంది. గూడు విరిగితే గూడునే మార్చాలి.

బిగించాక..

బంపర్‌ను పూర్తిగా బిగించకముందే కనెక్టర్లు కలిపి ఒకసారి పరీక్షించడం మంచిది. ఆ తరువాత తీసిన వరుసకు వ్యతిరేక క్రమంలో బిగిస్తూ రావాలి. తీగలు సైలెన్సర్‌కు తగలకుండా, పదునైన అంచుల నడుమ నలగకుండా కట్టాలి. స్క్రూలను మొదట అన్నింటినీ సగం బిగించి, బంపర్‌ అంచులు సమంగా కుదిరాకే గట్టిగా తిప్పాలి.

చివరిగా నేలపై సుద్దముక్కతో బంపర్‌ నుంచి 30, 60, 100, 150 సెంటీమీటర్ల దూరంలో గీతలు గీయాలి. ఇంజిన్‌ ఆపి ఉంచే, ఒకరు వెడల్పాటి చెక్కపలకను నిలువుగా పట్టుకుని ఒక్కో గీత వద్ద ఒక చివర నుంచి రెండో చివరకు నడవాలి. దూరం తగ్గేకొద్దీ మోతల మధ్య విరామం తగ్గుతూ, 30 సెంటీమీటర్ల ప్రాంతంలో ఏకధాటిగా వినిపించాలి. మధ్యలో ఎక్కడైనా మౌనం పాటిస్తే ఆ వైపు సెన్సర్‌ను మళ్లీ చూడాలి.

వీటి జోలికి వెళ్లొద్దు

వారంటీ గడువులో ఉన్న కారును సొంతంగా విప్పితే ఆ భాగానికి కంపెనీ వారంటీ నిరాకరించే వీలుంది. అధీకృత సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లడమే ఉత్తమం. ప్రమాదంలో దెబ్బతిన్న బంపర్‌ను బీమా సర్వేయరు చూడకముందే విప్పితే పరిహారంలో చిక్కులు రావచ్చు. కొత్త తరం కార్లలో పక్క వాహనాలను పసిగట్టే రాడార్లు వెనక బంపర్‌ మూలల్లో ఉంటాయి. అవి ఇంచుక పక్కకు జరిగినా తప్పుడు సమాచారం ఇస్తాయి. వాటిని సరిదిద్దడానికి ప్రత్యేక పరికరాలు కావాలి. ముందు బంపర్‌లో ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సర్లు ఉండవచ్చు. విద్యుత్తు కార్లు, హైబ్రిడ్‌ కార్లలో నారింజ రంగు తొడుగున్న తీగలు కనిపిస్తే అవి అధిక వోల్టేజివి. వేటినీ తాకరాదు. లోపం కంట్రోల్‌ యూనిట్‌లోనే ఉందని తేలితే స్కానర్‌ ఉన్న నిపుణుడికి అప్పగించాలి.

కన్నుకు సాయమే తప్ప ప్రత్యామ్నాయం కాదు

చక్కగా పనిచేసే సెన్సర్‌కు కూడా కొన్ని కనిపించవు. సన్నని ఇనుప స్తంభం, బంపర్‌ కన్నా ఎత్తు తక్కువగా ఉన్న అరుగు, తెరిచి ఉన్న కాలువ, ధ్వనిని పీల్చుకునే మందపాటి దుస్తులు, వాలుగా ఉండి ప్రతిధ్వనిని పక్కకు మళ్లించే తలం దాని లెక్కకు అందకపోవచ్చు. బంపర్‌ కిందికి వంగి బంతి తీసుకుంటున్న పసివాడు సెన్సర్‌ చూపు కింద ఉండిపోతాడు. అందుకే కారెక్కే ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడటం, ఇంట్లో పిల్లలు ఎవరి చెంత ఉన్నారో నిర్ధారించుకోవడం, అద్దాలు చూస్తూ నడక వేగంతోనే వెనక్కి తీయడం అలవాటు కావాలి.

వారానికోసారి కారు తుడిచేటప్పుడు సెన్సర్లనూ మెత్తని గుడ్డతో తుడవడం, ఒత్తిడి నీటి గొట్టాన్ని వాటికి దూరంగా పట్టడం, నెలకోసారి చెక్కపలకతో పరీక్షించడం.. ఈ మూడూ పాటిస్తే బంపర్‌ విప్పే అవసరం అరుదుగానే వస్తుంది. తప్పుడు మోత మొదలైన రోజునే కారణం వెతకాలి. అదేపనిగా అబద్ధం చెప్పే సెన్సర్‌ను చెవి నమ్మడం మానేస్తుంది. అది నిజం చెప్పిన రోజు కూడా డ్రైవరు కాలు బ్రేకుపైకి వెళ్లకపోవచ్చు.